రాసింది ఎవరంటే

కారు అద్దం కాస్త దించగానే ఆ వాసన లోపలికి వచ్చేసింది. వేయించిన గోధుమల వాసన. కెట్టరింగ్ పక్కనే ఉన్న బర్టన్ లాటిమర్‌లో వీటాబిక్స్ ఫ్యాక్టరీ ఉంది. గాలి అటునుంచి తిరిగిన రోజున చుట్టుపక్కలంతా ఆ కమ్మటి వాసనే. మేం ఆ ఊళ్ళో ఉన్న పన్నెండేళ్ళూ, ఆ వాసన వచ్చినప్పుడల్లా మా ఆవిడ "తొలి ఏకాదశికి పేలాలు వేయిస్తున్నట్టు లేదూ?" అనేది. ఆ రోజు కూడా అదే అంది. ఆ తర్వాత చాలాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. వెళ్తున్నది పక్కింటి మామ్మగారి అంత్యక్రియలకి.

మామ్మగారు అని మేమిద్దరం తెలుగులో అనుకునేవాళ్ళం. ఆవిడకి తొంభై ఏడేళ్ళు. పిల్లల్లేరు. కార్యక్రమం అయ్యాక అందరికీ టీ ఇచ్చారు. అప్పుడు ఆవిడ మేనల్లుడు మా దగ్గరికి వచ్చి ఒక చెప్పుల పెట్టె చేతిలో పెట్టాడు. "ఇది మీదే అనుకుంటా. దీని మీద ఉన్న అక్షరాలు మాకెవరికీ చదవడం రాదు" అన్నాడు.

మూత తీస్తే పాత అట్ట వాసన, టేపు వాసన కలిసి వచ్చాయి. వీడియో క్యాసెట్లు. ప్రతిదాని వీపు మీదా తెల్ల కాగితం ముక్క అంటించి ఉంది. నీలం ఇంకు, మా ఆవిడ గుండ్రటి దస్తూరి. "మోర్స్" అని ఒక వరుస. కింద "రాసింది:" అని, ఒక పేరు.

ఆ "రాసింది:" అన్న మాట నాది కాదు, ఆవిడదీ కాదు. మా నాన్నది.

*

నాన్న తెనాలిలో హైస్కూలు మాస్టారు. స్టేషన్‌కి వెళ్ళే దారిలో ఒక అద్దె పుస్తకాల బడ్డీ ఉండేది. రోజుకి పది పైసలు. నాన్న పొద్దున్న పిల్లలకి పద్యాలు చెప్పేవారు, రాత్రి మాత్రం డిటెక్టివ్ నవల చదవందే నిద్రపోయేవారు కాదు. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, అసిస్టెంటు రాజు మా ఇంట్లో చుట్టాల్లాంటి వాళ్ళు. అమ్మ "రాత్రి యుగంధర్ గారు ఎన్నింటికి వెళ్ళారు?" అని అడిగేది, నాన్న ఎంతసేపు చదివారో తెలుసుకోవడానికి.

నేను అట్ట మీద పిస్తోలు బొమ్మ చూసి పుస్తకం ఎంచుకునేవాణ్ణి. నాన్న చేతిలోంచి లాక్కుని, "ముందు రాసింది ఎవరో చూడరా. బొమ్మ వేసినవాడు కథ చెప్పడు" అనేవారు.

అద్దె పుస్తకాలకి ఒక తెగులు ఉండేది. ఎవరో ఒకరు చివరి పేజీలు చింపేసేవారు. హంతకుడు ఎవరో తెలియకుండా అక్కడ ఆగిపోయేది కథ. నేను ఏడుపు మొహం పెట్టేవాణ్ణి. నాన్న మాత్రం హుషారుగా లేచి కూర్చుని, లాంతరు వత్తి పెంచి, మొదటి పేజీకి వెళ్ళేవారు. "రాసినవాడికి చివర ఏముందో ముందే తెలుసు కదా. ఎక్కడో జారవిడిచి ఉంటాడు, పట్టుకుందాం." తండ్రీకొడుకులం నేల మీద బోర్లా పడుకుని హంతకుణ్ణి పట్టుకునేవాళ్ళం. ఒక్కోసారి నెలల తర్వాత అదే నవల పూర్తి కాపీ దొరికేది. నాన్న చెప్పిందే కరెక్టయితే ఆ రాత్రి ఆయన మొహం చూడాలి.

*

గుంటూరు మెడికల్ కాలేజీ నుంచి ఇంగ్లండు వచ్చి, రెండు మూడు ఊళ్ళు తిరిగి కెట్టరింగ్ చేరాం. ఎర్ర ఇటుకల ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే వీధి. గోడకి చెవి పెడితే పక్కింటి కెటిల్ మోత వినిపిస్తుంది. అది బూట్లు తయారుచేసే జిల్లా. వీధిలో సగం మంది ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైనవాళ్ళే. నేను రోజు విడిచి రోజు ఆస్పత్రిలోనే పడుకునేవాణ్ణి. మా ఆవిడకి ఇంగ్లీషు చదవడం బాగా వచ్చు, కానీ వాళ్ళు మాట్లాడితే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆరు నెలల పాటు ఆ వీధిలో మాతో ఎవరూ మాట్లాడలేదు.

ఒక చలికాలం సాయంత్రం ఆవిడ చెత్త పారేయడానికి బయటికి వెళ్ళింది, వెనక తలుపు పడిపోయింది. ఆ ఊళ్ళో తలుపులు వాటంతట అవే తాళం పడతాయి. తాళంచెవి లోపల, ఆవిడ బయట, ఒంటి మీద చీర, స్వెట్టరు. మంచు పడుతోంది. పక్కింటి కిటికీ పరదా కదిలింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. "కమిన్, మీ డక్" అంది మామ్మగారు. నన్ను బాతు అంటుందేమిటి అని మా ఆవిడ ఆ రాత్రి నన్ను అడిగింది. ఆ ప్రాంతంలో ఎవరినైనా ముద్దుగా అలాగే పిలుస్తారు.

లోపల గ్యాసు మంట ఎదురుగా టీవీ. తెర కింద మాటలన్నీ అక్షరాల్లో పడుతున్నాయి! మామ్మగారు నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో బూట్ల పైతోలు కుట్టే మిషన్ల మధ్య కూర్చుంది. ఆ మోతకి చెవులు పోయాయి. రిమోట్ మీద 888 నొక్కితే చెవిటివాళ్ళ కోసం మాటలు కింద వస్తాయి. మా ఆవిడ తడి చీర ఆరబెట్టుకుంటూ ఆ అక్షరాలు చదువుతూ కూర్చుంది. ఇంగ్లండు వచ్చాక మొదటిసారి అవతలివాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో ఆవిడకి మొత్తం తెలిసింది. అప్పుడు వస్తున్నది ఇన్‌స్పెక్టర్ మోర్స్ అనే డిటెక్టివ్ సీరియల్.

ఆ రోజు నుంచి మోర్స్ వచ్చే రాత్రి ఎనిమిదింటికి ఆ ఇద్దరూ ఒకే సోఫాలో. ఒకరికి వినపడదు, ఒకరికి అర్థం కాదు. మధ్యలో 888.

*

మోర్స్ 1987 జనవరిలో ఐటీవీలో మొదలైంది. అప్పటిదాకా పోలీసు కథ అంటే గంటలో దొంగ దొరకాల్సిందే. దీనికి రెండు గంటలు ఇచ్చారు. ఆ అదనపు గంటే రచయితలకి వరం. మోర్స్ ఊరికే కూర్చుని సంగీతం వింటాడు, గళ్ళనుడికట్టు నింపుతాడు, తప్పు మనిషిని అనుమానిస్తాడు, ప్రేమలో పడకూడని మనిషితో పడతాడు. కథ పరిగెత్తదు. అయినా మనం కదలం. ప్రకటనలు వచ్చినప్పుడు మాత్రం కెటిల్ దగ్గరికి పరుగు. దేశమంతా ఒకేసారి కెటిళ్ళు పెడితే కరెంటు వాడకం ఒక్కసారిగా ఎగబాకేదట. మా గోడకి అటూ ఇటూ ఆ మోత నేను విన్నాను.

ఆ మొదటి భాగం స్క్రిప్టు ఆంథొనీ మింగెల్లా రాశాడు. తర్వాత దర్శకుడిగా ఆస్కార్ తెచ్చుకున్న మింగెల్లాయే. కోలిన్ డెక్స్టర్ రాసిన మోర్స్ నవలలు మొత్తం 13. టీవీలో తీసినవి 33. ఆ లెక్క చూడగానే నాకు నాన్న గుర్తొచ్చారు. నవల అయిపోయిన చోట మిగిలిన కథ ఎవరో కూర్చుని కల్పించాలి, అసలు రచయిత ఒప్పుకునేలా. జూలియన్ మిచెల్ లాంటివాళ్ళు ఆ పని చేశారు. నవలల్లో మోర్స్ అసిస్టెంటు సార్జెంట్ లూయిస్, అతని కంటే పెద్దవాడు. టీవీలో అతన్ని ఉత్తరాది యాసతో మాట్లాడే కుర్రవాణ్ణి చేశారు. ఆ ఒక్క మార్పుతో ఇద్దరి మధ్యా తండ్రీకొడుకుల్లాంటి చనువూ చిరాకూ వచ్చాయి. నాకు ఎప్పుడూ హంతకుడి కంటే అదే ముఖ్యం.

మామ్మగారికి డెక్స్టర్ అంటే ప్రాణం. ఆయన పక్కనే ఉన్న కార్బీలో బడిపంతులుగా చేసినవాడు. చెవుడు రావడంతో పాఠాలు చెప్పడం మానేసి, 1966లో ఆక్స్‌ఫర్డ్‌లో పరీక్షల విభాగానికి వెళ్ళాడు. "నాలాగే" అనేది ఆవిడ చెవి మీద చెయ్యి పెట్టుకుని. దాదాపు ప్రతి భాగంలోనూ ఆయన ఎక్కడో ఒకచోట ఒక్క క్షణం కనిపిస్తాడు. ఆ బట్టతల కనబడగానే మామ్మగారు గట్టిగా కేక వేసేది. గోడ ఇవతల నిద్రపోతున్న నాకు మెలకువ వచ్చేది.

*

ఒకటి మాత్రం నేను మర్చిపోలేను.

మా మావగారు ఒంగోలు తంతి ఆఫీసులో పనిచేసేవారు. మా ఆవిడ చిన్నప్పుడు ఆయన ఒళ్ళో కూర్చుని ఆ కట్టూ కడ చప్పుళ్ళు, అంటే తంతి భాష మోర్స్ కోడ్, నేర్చుకుంది. కంచం ముందు కూర్చుని వేళ్ళతో కొట్టి "మజ్జిగ" అని అడిగేదట. ఆయనా మాట్లాడకుండా అలాగే జవాబు చెప్పేవారట.

ఒక రాత్రి నాకు డ్యూటీ లేదు, నేనూ వెళ్ళి కూర్చున్నాను. టైటిల్స్ మొదలయ్యాయి. వయొలిన్ల వెనకాల సన్నగా ఒక తీగ చప్పుడు, ఆగి ఆగి. మా ఆవిడ చేతిలో టీ కప్పు అలాగే ఉండిపోయింది. ఎడమచేతి వేళ్ళు సోఫా చెయ్యి మీద కదలడం మొదలైంది. రెండు పొడుగు. మూడు పొడుగు. పొట్టి, పొడుగు, పొట్టి. మూడు పొట్టి. ఒక పొట్టి.

"ఏమండీ, పేరు చెబుతున్నాడు. మోర్స్ అంటున్నాడు!"

నేను నమ్మలేదు. తర్వాత ఎప్పుడో పత్రికలో చదివాను. సంగీతం చేసిన బారింగ్టన్ ఫెలూంగ్ కావాలనే ఆ పేరుని మోర్స్ కోడ్‌లో పెట్టాడు. కొన్ని భాగాల్లో హంతకుడి పేరు, కొన్నిట్లో దారి తప్పించడానికి వేరే పేరు పెట్టేవాణ్ణని ఆయనే చెప్పాడు.

మామ్మగారికి ఆ సంగీతం వినబడదు. 888లో కింద పడేది మాటలే. ఏమిటీ హడావిడి అని మా మొహాలు చూస్తోంది. మా ఆవిడ ఆవిడ చెయ్యి తీసుకుని, అరచెయ్యి పైకి తిప్పి, టీవీలో వస్తున్న లయకి సరిగ్గా వేలితో కొట్టింది. ఎం. ఓ. ఆర్. ఎస్. ఈ. మళ్ళీ మొదటినుంచి. మామ్మగారు కళ్ళు మూసుకుంది. ఆ తర్వాత ప్రతిసారీ టైటిల్స్ పడే వేళకి తనే అరచెయ్యి చాపేది.

*

నేను డ్యూటీలో ఉన్న రాత్రులు మా ఆవిడ వీసీఆర్‌లో రికార్డు చేసేది. "మామ్మగారూ, టేపు చేసి మీకూ ఇస్తాను, మళ్ళీ చూసుకోవచ్చు" అందొకసారి. ఆవిడ తల అడ్డంగా ఊపింది. టేపులో బొమ్మ వస్తుంది, గొంతు వస్తుంది, 888 అక్షరాలు మాత్రం రావు. ఆవిడకి టేపు దండగ. చూస్తే ఆ ఎనిమిదింటికే చూడాలి. అందుకే టేపులన్నీ నాకోసమే.

తెల్లారి ఇంటికొస్తే ఇద్దరూ పెరటి గోడ దగ్గర నిలబడి నన్ను చూసి నవ్వేవాళ్ళు. హంతకుడు ఎవరో ఒక్కరూ చెప్పేవాళ్ళు కాదు. "రాసింది ఎవరు?" అని మాత్రం అడగనిచ్చేవాళ్ళు. అందుకే లేబుల్ మీద ఆ వరుస.

ఒక ఏడాది కొత్త పేరు కనబడింది. ది వే త్రూ ది వుడ్స్, 1995. "రాసింది: రస్సెల్ లూయిస్." "సార్జెంటే రాశాడా ఏమిటండీ?" అంది మా ఆవిడ. ఆ పేరు అంతకుముందు ఏడాదే కాడ్‌ఫేల్ అనే ఇంకో డిటెక్టివ్ సీరియల్ టేపు మీద కూడా రాసిందని తర్వాత తనే వెతికి చూపించింది. ఇతను చిన్నప్పుడు నటుడు. 1972లో వచ్చిన సినిమాలో ఏడేళ్ళ చర్చిల్ వేషం వేసింది అతనే. ఆ రాత్రి నేను ఆ టేపు రెండుసార్లు చూశాను. తర్వాత ఇరవై ఏళ్ళు ఈ మనిషి మా ఇంట్లో మసలుతాడని అప్పుడు తెలియదు.

తర్వాత మేం లీడ్స్ వెళ్ళిపోయాం. వెళ్ళే రోజు మామ్మగారు గుమ్మం దాకా వచ్చి, నేను నైట్ డ్యూటీకి వెళ్ళేటప్పుడల్లా అనే మాటే అంది. "మైండ్ హౌ యు గో." జాగ్రత్తగా వెళ్ళు నాయనా, అని మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు అంటారు చూడండి, సరిగ్గా అదే. మా ఆవిడ టేపుల పెట్టె ఆవిడకే ఇచ్చేసింది. లీడ్స్ ఇల్లు చిన్నది, "మీ దగ్గరుంటే మళ్ళీ రావడానికి ఒక సాకు ఉంటుంది" అంది. ఆ చెప్పుల పెట్టె వాళ్ళాయన బూట్లది.

*

వినపడని మనిషితో ఫోను మాట్లాడలేం కదా. ఉత్తరాలు మొదలయ్యాయి. 2000లో మోర్స్ తెర మీద చనిపోయాడు. 2002 ఫిబ్రవరిలో మోర్స్ వేషం వేసిన జాన్ థా నిజంగానే వెళ్ళిపోయాడు. ఆ నెల మామ్మగారి ఉత్తరంలో నాలుగే వాక్యాలు.

పదేళ్ళకి, 2012 జనవరి 2న, ఎండెవర్ వచ్చింది. మోర్స్ కుర్రతనం కథ. రాసింది రస్సెల్ లూయిస్. మా ఆవిడ సోఫాలోంచి లేచి నిలబడింది. చివర్లో ముసలి ఇన్‌స్పెక్టర్ థర్స్‌డే ఆ కుర్రాణ్ణి అడుగుతాడు, ఇరవై ఏళ్ళ తర్వాత ఎక్కడుంటావని. కుర్రాడు కారు అద్దంలోకి చూస్తాడు. అద్దంలో జాన్ థా కళ్ళు. వెనక ఆ సంగీతం. నేను డాక్టర్ని, ఎన్నో చూశాను, కానీ ఆ అద్దం చూసి ఏడ్చాను.

అందులో పత్రిక ఎడిటరుగా వేసింది జాన్ థా కూతురు ఆబిగెయిల్. పాత్ర పేరు డొరొథియా ఫ్రాజిల్. నెల తర్వాత మామ్మగారి ఉత్తరం వచ్చింది, పెద్ద అక్షరాలతో. ఫ్రాజిల్ అంటే నీళ్ళలో తేలే సన్నటి మంచు పలుకులు, పేరులో మొదటి అక్షరం డి, రెండూ కలిపితే డీ-ఐస్, అంటే మంచు కరిగించడం, థా అన్నా అదే! గళ్ళనుడికట్టు మనిషి డెక్స్టర్‌కి ఇంతకంటే మంచి దండం ఏముంటుంది? నాన్న చెప్పిన "జారవిడవడం" అంటే ఇదే.

ఆ ధారావాహిక 11 ఏళ్ళలో 36 సినిమాలు అయింది. ముప్పై ఆరూ ఒక్క మనిషే రాశాడు. టీవీలో అది చాలా అరుదు. పది మంది రాస్తే ఒకరు నాటింది మరొకరు మర్చిపోతారు. ఈయన మర్చిపోలేదు. థర్స్‌డే భార్య రోజూ శాండ్‌విచ్ కట్టిస్తుంది, వారంలో ఏ రోజున లోపల ఏం పెడుతుందన్నది మారదు. మోర్స్ పొట్లం విప్పకుండానే చెప్పేస్తాడు. మొదట అది సరదా. ఏళ్ళు గడిచి ఆ ఇంట్లో మనసులు విరిగాక అదే శాండ్‌విచ్ చూస్తే గొంతు పట్టేస్తుంది. 1968లో లండన్‌లో రోనన్ పాయింట్ అనే కొత్త అపార్ట్‌మెంటు ఒక మూల పేకమేడలా కూలి నలుగురు చనిపోయారు. కెట్టరింగ్‌లో పెద్దవాళ్ళు దాన్ని తలుచుకునేవాళ్ళు. అలాంటి కూలిపోయే ఇంటినే ఆయన ఒక సినిమాకి గుండెకాయ చేశాడు, నాసిరకం కాంక్రీటు వెనక డబ్బు ఎటు పోయిందో వెతికిస్తూ. హత్య ఎవరు చేశారన్న ప్రశ్నలోంచి, ఆ రోజుల్లో మనుషులు ఎలా బతికారన్న ప్రశ్నకి తీసుకెళ్ళేవాడు. చివర ఏమవుతుందో మనందరికీ తెలుసు. మోర్స్ ఒంటరిగానే మిగులుతాడు. తెలిసిన ముగింపు వైపు 36 సార్లు నడిపించి, ప్రతిసారీ ఈసారైనా తప్పుతుందేమో అని ఆశపెట్టడం ఎంత కష్టమో, చిరిగిన పేజీలతో కుస్తీ పట్టిన నాకు కొంచెం తెలుసు.

2020లో రాగ అనే భాగం వచ్చింది. 1970 ఎన్నికల వేళ, ఆక్స్‌ఫర్డ్‌లో హోటల్ నడుపుకునే ఒక భారతీయ కుటుంబం, వాళ్ళ మీద పడే ద్వేషం. దాని తర్వాత మామ్మగారి ఉత్తరం చాలా ఆలస్యంగా వచ్చింది. అక్షరాలు వణికిపోయాయి. మేం దిగిన మొదటి ఆరు నెలలు తను పరదా వెనకనుంచి రోజూ మమ్మల్ని చూసేదాన్నని, వీధిలో ఒకరు అన్న మాటలకి భయపడి పలకరించలేదని, మంచు పడకపోయి ఉంటే ఎప్పటికీ తలుపు తీసేదాన్ని కాదేమోనని రాసింది. మా ఆవిడ ఆ ఉత్తరం మడిచి పూజ గదిలో పెట్టింది. జవాబుగా ఒక కాగితం మీద చుక్కలూ గీతలూ మాత్రం పంపింది. అందులో ఏముందో నేను అడగలేదు.

*

2023 మార్చి 12, ఆదివారం. చివరి ఎండెవర్. మామ్మగారు అప్పటికి వృద్ధుల హోమ్‌లో ఉంది. మేం పొద్దున్నే బయల్దేరి వెళ్ళాం. గదిలో పెద్ద టీవీ. ఇప్పుడు 888 అక్కర్లేదు, ఒక బటన్ నొక్కితే చాలు. టైటిల్స్ పడేటప్పుడు మంచం మీద ఆ చెయ్యి తెరుచుకుంది. మా ఆవిడ వేలితో కొట్టింది. ఆఖర్న కుర్రాడి కారు ఒక దారిలో వెళ్తుంటే ఎదురుగా ఆ ఎర్ర జాగ్వార్ వచ్చి పక్కనుంచి దాటిపోతుంది. అంతే. థర్స్‌డే ఎన్నోసార్లు అన్న మాట "మైండ్ హౌ యు గో" మా గుమ్మం ముందుదే కదా అని ఆవిడకి రాసి చూపించాం. తల ఊపింది.

పెట్టె ఇంటికి తెచ్చి భోజనాల బల్ల మీద పెట్టాం. క్యాసెట్లు ఒక్కొక్కటీ తీసి వరసగా పేర్చింది మా ఆవిడ. చివర అట్టడుగున ఒకటి ఉంది. అది మాకు తెలియదు. లేబుల్ మీద ఇంగ్లీషులో "లూయిస్, 2006". మోర్స్ పోయాక సార్జెంట్ లూయిస్‌తో తీసిన మొదటి సినిమా, రెప్యుటేషన్. ఆ జనవరిలో మేం తెనాలిలో ఉన్నాం, నాన్న సంవత్సరీకానికి వెళ్ళి. అది వచ్చిన రాత్రి మేం చూడలేదు. తిరిగొచ్చాక అడగనూ లేదు.

ఆ ఇంగ్లీషు కింద ఇంకో వరుస ఉంది. వంకరటింకర తెలుగు అక్షరాలు. ముగ్గు వేసినట్టు, పక్కనే ఒక పాత లేబుల్ పెట్టుకుని చూస్తూ గీసినట్టు. 'రా'కి దీర్ఘం ఎక్కడ ఆపాలో తెలియక పక్క అక్షరం మీదకి పోయింది. సున్నా కింద పడింది.

"రాసింది:" అని, పక్కన ఇంగ్లీషులో రస్సెల్ లూయిస్.

అక్షరాలు రాని టేపు. ఆవిడకి ఒక్క మాట వినబడని టేపు. మా ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో ఆ దీర్ఘం మీద రాస్తూ కూర్చుంది. నేను అటక మీద పాత వీసీఆర్ ఉందేమో చూద్దామని నిచ్చెన తెచ్చాను.